‘ఉన్ ఫామ్ డూస్’: ఆమె ముఖంలో ఏమీ కనిపించదేం?

మీరు అడిగినవి మూడు. ఫ్రెంచి దర్శకుడు రాబర్ట్ బ్రెస్సన్ 1969లో తీసిన ‘ఉన్ ఫామ్ డూస్’ (‘మెత్తని స్త్రీ’ అని అర్థం) చూశారు. హీరోయిన్ మొదటి నుంచి చివరి దాకా ఒకే ముఖంతో ఉంది, ఇది నటన రాకపోవడమా, కావాలని చేయించిందా అన్నది మొదటిది. భర్త కొట్టలేదు, తాగి రాలేదు, ఇంకో ఆడదాని జోలికి పోలేదు, చివర్లో బతిమాలాడు కూడా, మరి ఆమె బాల్కనీలోంచి ఎందుకు దూకింది అన్నది రెండోది. ఇది చూసి మీ షార్ట్ ఫిల్మ్‌లో నటుల్ని ‘ఎక్స్‌ప్రెషన్ లేకుండా’ చేయమంటే చెక్కబొమ్మల్లా వచ్చారు, తప్పెక్కడ జరిగింది అన్నది మూడోది.

మొదటి రెండూ నా లెక్కలో ఒకటే ప్రశ్న. ఆమె ఎందుకు చనిపోయిందో ఆమె ముఖం మనకు చెప్పదు. చెప్పి ఉంటే అది వేరే సినిమా అయ్యేది. మూడోదానికి చివర్లో వస్తాను, దాని జవాబు కొంచెం పనిముట్ల సంగతి.

నటన నేర్పడం నా పని. ఈ సినిమాను విద్యార్థులకు ఎన్నిసార్లు వేశానో గుర్తులేదు. మొదటిసారి నేను చూసినప్పుడు పూర్తిగా భర్త పక్షమే. పాపం, పెళ్లాం శవం పక్కన తిరుగుతూ, చెప్పుకోవడానికి పనిమనిషి తప్ప ఎవరూ లేక ఏకరువు పెట్టుకుంటున్నాడు అనుకున్నాను. ఒకసారి క్లాసులో సినిమా అయ్యాక ఒకమ్మాయి లేచి, “ఆయన ఏడవట్లేదు సార్, పద్దు రాసుకుంటున్నాడు” అంది. ఆ మాట విన్నాక మళ్లీ మొదటి రీలు నుంచి చూడాల్సి వచ్చింది.

ఈ సినిమాలో మొదట గమనించాల్సింది కథ ఎవరి చేతిలో ఉందన్నదే. పనిమనిషి ఆన్నా తలుపు తీస్తుంది. బాల్కనీలో బల్ల ఒరుగుతూ ఉంటుంది, కుర్చీ ఊగుతూ ఉంటుంది. తెల్లటి శాలువా ఒకటి గాలిలో తేలుతూ కిందికి దిగుతుంది. కింద కారు బ్రేకుల చప్పుడు, తర్వాత రోడ్డు మీద దేహం. అంతే, ఆమె పోయింది. అక్కణ్ణుంచి సినిమా అంతా భర్త ఆన్నాకు చెప్పుకునే కథ. మంచం మీద ఆమెను పడుకోబెట్టారు, అతను గదిలో అటూ ఇటూ నడుస్తూ చెబుతుంటాడు. మనం చూసే ప్రతి పాత సంగతీ అతను చెబుతుంటే కళ్ల ముందుకొచ్చేదే. ఆమెకు తన వైపు చెప్పుకునే వీలు లేదు.

ఈ నిర్మాణం బ్రెస్సన్ సొంతం కాదు. రష్యన్ రచయిత దోస్తోయెవ్‌స్కీ 1876 నవంబరులో తన ‘రచయిత డైరీ’ సంచికలో అచ్చువేసిన పెద్ద కథ ‘క్రోత్కయా’ నుంచి వచ్చింది. కుట్టుపని చేసుకునే ఒక అమ్మాయి దేవుడి పటం చేతిలో పట్టుకుని కిటికీలోంచి దూకిందని అప్పటి పత్రికల్లో వచ్చిన చిన్న వార్త ఆయన్ని పట్టుకుని వదల్లేదు. కథలో భర్తకు 41 ఏళ్లు, ఆమెకు 16 కూడా నిండలేదు. బ్రెస్సన్ దాన్ని పీటర్స్‌బర్గ్ నుంచి తీసుకొచ్చి తన కాలపు పారిస్‌లో పెట్టాడు. అక్కడ భర్త సైన్యంలోంచి అవమానంతో బయటపడ్డ మాజీ అధికారి, ఇక్కడ బ్యాంకు ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. ఒక్కటి మాత్రం మార్చలేదు. అతను తాకట్టు కొట్టు నడుపుతాడు.

ఆ వృత్తిని కథకు రంగుగా మాత్రమే తీసుకుంటే చాలా పోగొట్టుకుంటాం. తాకట్టు వ్యాపారి రోజంతా చేసే పనేమిటి? ఎదుటి మనిషి అవసరాన్ని చూస్తాడు, వస్తువును చూస్తాడు, ధర కడతాడు. వస్తువు వెనక కథ అతనికి అక్కర్లేదు, పైగా కథ వింటే ధర తప్పుతుంది. ఆమె అతనికి మొదట తగిలింది అలాగే, కౌంటరుకు అవతలి వైపు. డబ్బుల్లేవు, పుస్తకాల పిచ్చి ఉంది, ఉన్న కొద్దిపాటి వస్తువులు ఒక్కొక్కటే తెచ్చి పెడుతుంది. ఒకసారి క్రీస్తు బొమ్మ ఉన్న సిలువ తెస్తుంది. అతను బొమ్మనూ సిలువనూ విడదీస్తాడు. అతనికి కావాల్సింది బంగారం తూకం. ఈ షాటులో ఇద్దరి ముఖాల కన్నా చేతులే ఎక్కువ పని చేస్తాయి: వస్తువు ఇచ్చే చేయి, నోట్లు లెక్కపెట్టే చేయి, అందుకునే చేయి. అతను ఆమెను పెళ్లి చేసుకోవాలని నిర్ణయించుకున్నది కూడా ఈ కౌంటరు దగ్గరే. అప్పటికే ధర కట్టేశాడు.

పెళ్లయ్యాక ఆమె అదే కౌంటరుకు ఇవతలి వైపు కూర్చుంటుంది. కూర్చుని, వచ్చినవాళ్లకు వస్తువు విలువ కన్నా ఎక్కువ ఇచ్చేస్తుంది. వాళ్లిద్దరి మధ్య నిజమైన మొదటి గొడవ ఇదే. డబ్బు నాది అంటాడు అతను. పీనాసితనమే అనుకుంటాం. కానీ అతనికి నొప్పి డబ్బు పోవడం వల్ల కాదు. ఆమె తనకంటూ ఒక కొలత పెట్టుకుంది, అదీ నొప్పి. తన ఇంట్లో రెండు తక్కెడలు ఉండటం అతను భరించలేడు.

అతను దుర్మార్గుడు కాదని మీరన్నది నిజమే. నాకూ అతన్ని రాక్షసుణ్ణి చేసే వ్యాఖ్యానాలు నచ్చవు, అవి సినిమాను తేలిక చేస్తాయి. అతను ఆమెను సినిమాకు తీసుకెళ్తాడు, నాటకానికి తీసుకెళ్తాడు, మ్యూజియం చూపిస్తాడు. కానీ పెళ్లైన కొత్తలో ఆమె ఉత్సాహంగా దగ్గరకు వచ్చినప్పుడు ఆ ఉత్సాహం మీద కావాలనే చన్నీళ్లు చల్లానని తనే చెప్పుకుంటాడు. మాట్లాడకుండా ఉండటం అతని పద్ధతి. తను కఠినంగా, గంభీరంగా, అంతుచిక్కని మనిషిలా ఉంటే ఆమె తనంతట తానే అతన్ని అర్థం చేసుకుని, అతని గొప్పతనం కనిపెట్టి, కాళ్ల దగ్గరకు రావాలని ప్లాను. ఇది కొట్టడం కాదు. పాఠం నేర్పడం. భార్యకు పాఠం నేర్పుతున్నాను అనుకునే భర్తకు తను హింసిస్తున్నానని తోచనే తోచదు, పైగా ఓర్పు పడుతున్నది తనే అనుకుంటాడు.

పేరు సంగతి కూడా చూడండి. రష్యన్‌లో ‘క్రోత్కయా’ అంటే మామూలు మెత్తదనం కాదు. ‘సాత్వికులు ధన్యులు’ అని తెలుగు బైబిల్లో ఉన్న వాక్యం రష్యన్ బైబిల్లో ఈ మాటతోనే ఉంటుంది. కాబట్టి మన మాటల్లో ఆమె సాత్వికురాలు. ఆ పేరు ఆమెకు ఎవరు పెట్టారు? ఆమె అసలు పేరు సినిమాలో వినపడదు. ఇది అతను చీటీ మీద రాసి వస్తువుకు అంటించిన పేరు. సాత్వికురాలు అనుకున్న మనిషి ఒక రాత్రి రివాల్వర్ పట్టుకుంటే అతనికి చీటీ తప్పు రాశానని తోచదు, సరుకు మోసం చేసిందని తోస్తుంది.

ఇప్పుడు నటన దగ్గరకు వద్దాం.

మనం ‘అండర్‌ప్లే’ అనే మాటను రెండు వేర్వేరు పనులకు వాడేస్తాం. ఒకటి, నటుడికి లోపల పెద్ద భావం ఉంది, దాన్ని బయటకు రాకుండా ఆపుకుంటున్నాడు, ఆ ఆపుకోవడం మనకు కనిపిస్తుంది. గుటక మింగడం, కళ్లు తిప్పుకోవడం, మాట మధ్యలో ఊపిరి. ఇది కూడా భావాన్ని చూపించడమే, వాల్యూం తగ్గించి చూపించడం. సత్యజిత్ రాయ్ ‘చారులత’లో మాధవి ముఖర్జీ ఇందులో ఆరితేరిన మనిషి. ఆమె మాట్లాడకపోయినా చారు లోపల ఏం నడుస్తోందో క్షణక్షణం తెలుస్తూనే ఉంటుంది. ఒంటరి భార్య కథే అయినా అక్కడ మనం ఆమెతో ఉంటాం.

రెండోది బ్రెస్సన్ చేయించేది. అది ఆపుకోవడం కాదు. నటుడికి ఆపుకోవడానికి ఏమీ ఇవ్వడు. 1975లో అచ్చయిన తన నోట్సులో ఆయన నటులు అనే మాటను పక్కన పెట్టి ‘మోడల్స్’ అంటాడు. 1950ల నుంచే వృత్తి నటుల్ని దాదాపు వదిలేశాడు. సాధారణంగా కొత్తవాళ్లను తీసుకునేవాడు. ఒకే చిన్న పనిని పదే పదే చేయించేవాడు: తలుపు తెరువు, రెండడుగులు వెయ్యి, ఈ వాక్యం చెప్పు. ఇంకా తేలిగ్గా, ఇంకా అర్థం వత్తకుండా. అలా చేయగా చేయగా మనిషి ‘ఎలా చెప్పాలి’ అని ఆలోచించడం మానేస్తాడు. అప్పుడు మాట నోట్లోంచి, తాళంచెవి జేబులోంచి వచ్చినట్టు వస్తుంది. ఆయనకు కావాల్సింది ఆ టేకు.

భార్యగా చేసిన డొమినిక్ సాండా అప్పటికి ఫ్యాషన్ మోడల్, టీనేజ్ దాటలేదు, ఇదే మొదటి సినిమా. ‘నటన రాదా’ అన్న మీ అనుమానానికి చిన్న జవాబు: మరుసటి ఏడాది 1970లో బెర్తొలూచి ‘ది కన్ఫార్మిస్ట్’లో చేసింది, 1976లో కాన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి పంచుకుంది. భర్తగా చేసిన గీ ఫ్రాంజాన్‌ది కూడా ఇక్కడ అదే ధోరణి, కానీ ఇద్దరి నిర్వికారమూ ఒకేలా పనిచేయదు. అతని ముఖం ఖాళీగా ఉంటే మనకు ఇబ్బంది లేదు, అతని గొంతు వివరిస్తూనే ఉంటుంది. నేను అలా అనుకున్నాను, అందుకే ఇలా చేశాను, ఆమె ఇలా అర్థం చేసుకుని ఉండాలి అని మాట మీద మాట. ఆమె ముఖం ఖాళీగా ఉంటే దాని పక్కన ఏ గొంతూ లేదు.

దీనివల్ల మనకేం జరుగుతుందో గమనించారా? ఆమె ముఖం చూసి, కోపమా, విసుగా, జాలా, ప్రేమా అని అంచనా వేస్తూ కూర్చుంటాం. ఆధారం కోసం వెతుకుతాం. కనుబొమ్మ కదిలిందా? తల వంచింది, లొంగిపోయినట్టా? అంటే మనం కూడా కౌంటరు వెనక్కే వెళ్లి కూర్చున్నాం. అతను చేస్తున్న పనే చేస్తున్నాం. ఆమె ముఖం మనకు ‘అర్థమై’ ఉంటే అతనికన్నా మనం మంచివాళ్లం అన్న తృప్తితో ఇంటికి పోయేవాళ్లం. బ్రెస్సన్ ఆ తృప్తి ఇవ్వలేదు. ఆమెకంటూ ఆ ఇంట్లో మిగిలిన సొత్తు లోపలేముందో చెప్పకపోవడం ఒక్కటే, దాన్ని దర్శకుడు కూడా మనకు అమ్మలేదు. నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా గౌరవంగా కనిపించేది ఇదే. మీకు విసుగు పుట్టించింది కూడా బహుశా ఇదే.

ఇదంతా నా ఊహ అనిపిస్తే హామ్లెట్ సీను మళ్లీ చూడండి. ఇద్దరూ ‘హామ్లెట్’ నాటకానికి వెళ్తారు. చివరి కత్తియుద్ధం, చావులు బ్రెస్సన్ చాలాసేపు చూపిస్తాడు. వేదిక మీద నటులు అరుస్తారు, ఊగిపోతారు, పడిపోతారు. ఇంటికొచ్చాక ఆమె నేరుగా వెళ్లి పుస్తకం తీస్తుంది. నాటకంలో కొన్ని వాక్యాలు కావాలనే ఎగరగొట్టారు, అరుచుకోవడానికి వీలుగా ఉంటుందని, అంటుంది. ఆ వాక్యాలు చదువుతుంది. మూడో అంకంలో హామ్లెట్ నటులకిచ్చే సలహా అది: మాట నాలుక మీద తేలిగ్గా దొర్లాలి, గొంతు చించుకునేట్టయితే ఊళ్లో చాటింపు వేసేవాడి చేతనే నా పంక్తులు చెప్పించుకుంటాను, చేతులతో గాలిని కోయకండి.

బ్రెస్సన్ తన నటన సిద్ధాంతాన్ని సినిమా మధ్యలో పెట్టేశాడు, సరే. కానీ దాన్ని ఎవరి నోట పెట్టాడో చూడాలి. ఇల్లంతా మాటలతో నింపేసే భర్త నోట పెట్టలేదు, ఆమె నోట పెట్టాడు. ఆ క్షణం ఆమె ఎవరికీ భార్య కాదు. ఒక పాఠకురాలు, తన అభిరుచి మీద తనకు నమ్మకం ఉన్న మనిషి. కంఠంలో చిన్న ఉత్సాహం వినిపిస్తుంది, సినిమా మొత్తంలో అలా వినిపించే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. భర్తకు అది ఎందుకు అంత ముఖ్యమో పట్టదు. నన్నడిగితే వాళ్ల పెళ్లి విఫలమైంది పడక మీద కాదు, ఈ పుస్తకం దగ్గర. ఆమెకు లోపల ఒక ప్రపంచం ఉందని అతనికి రుజువు దొరికింది, అతను దాన్ని చూసి పక్కకు పెట్టాడు.

రివాల్వర్ సీనుకు వద్దాం, మీరు ‘టెన్షన్ లేదు’ అన్నది దీన్నే అనుకుంటా. కారులో వేరే మగవాడితో ఉన్న ఆమెను భర్త పట్టుకున్న తర్వాతి సంగతి. తెల్లవారుతుండగా అతనికి మెలకువ వస్తుంది. ఆమె రివాల్వర్ అతని కణతకు దగ్గరగా పెట్టి ఉంటుంది. అతను ఒక్క క్షణం కళ్లు తెరుస్తాడు, మళ్లీ మూసుకుంటాడు. సంగీతం లేదు, వణికే చేయి లేదు, చెమట లేదు. మామూలు దర్శకుడైతే ఆమె కళ్లలో నీళ్లు పెట్టేవాడు, మనం ‘అయ్యో, చంపలేకపోయింది, ఎంత మంచిది’ అనుకునేవాళ్లం. ఇక్కడ ఆమె కాల్చలేదు, అంతవరకే తెలుసు. జాలి వల్లా, భయం వల్లా, అతను చూశాడని గ్రహించడం వల్లా? తెలియదు.

అతనికి మాత్రం అంతా తెలిసిపోయిందట! తను చావును చూసి కూడా కదలకుండా పడుకున్నాడు కాబట్టి తను పిరికివాడు కాదని తేలింది, ఆమె ఓడిపోయింది, ఇదీ అతని లెక్క. కథలో అతనికి పిరికివాడన్న ముద్ర ఒకటి పాతది ఉంది, దాన్ని ఆమె మీదుగా చెల్లుకొట్టించుకున్నాడు. మర్నాడు ఏం చేశాడు? మాట్లాడలేదు. వెళ్లి ఆమెకు వేరే మంచం కొనుక్కొచ్చాడు. తీర్పు, శిక్ష, రెండూ ఫర్నిచరు రూపంలో. ఆమె ఆ మంచాన్ని చూస్తుంది. ఆ చూపులో సాండా చేసింది ఏమీ లేదు, కళ్లు ఆ వైపు తిప్పింది. నేను క్లాసులో ఇక్కడ ఆపి అడుగుతాను, ‘ఆమె ఏం అనుకుంటోంది?’ అని. పాతికమంది ఉంటే పాతిక జవాబులు వస్తాయి, అన్నీ గట్టిగా చెబుతారు. తర్వాత ‘ఇంత గట్టిగా చెప్పడానికి ఆమె మీకు ఏం ఇచ్చింది?’ అంటే ఒక్కరూ మాట్లాడరు.

ఆ తర్వాత ఆమెకు జబ్బు చేస్తుంది. అతను వైద్యానికి ఏ లోటూ చేయడు. కోలుకున్నాక ఇద్దరూ ఒకే కప్పు కింద, ఎవరి మంచం మీద వాళ్లు.

మీ రెండో ప్రశ్నకు అసలు జవాబు ఈ తర్వాతి మలుపులో ఉంది. మూలకథలో ఒకరోజు అతను ఇంట్లో ఉండగానే ఆమె తనలో తాను పాడుకోవడం వింటాడు. అదిరిపోతాడు. తను ఉన్న సంగతే మర్చిపోయి పాడుతోందా? అంటే ఇన్నాళ్లూ ఆమె తన తీర్పు కింద నలుగుతోందని అనుకున్నాడు, ఆమె అతన్ని ఆలోచనలోంచే తీసేసింది. అప్పుడు కూలిపోతాడు. కాళ్ల మీద పడతాడు, ఏడుస్తాడు, కొట్టు అమ్మేస్తానంటాడు, దూరంగా తీసుకెళ్తానంటాడు. మీకు ఇది పశ్చాత్తాపంలా కనిపించింది. నాకూ చాలాకాలం అలాగే కనిపించింది. కానీ ఆమె వైపు నుంచి చూడండి. ఇంతవరకు అతను ఆమె ఒంటినీ, సమయాన్నీ, డబ్బునూ పట్టుకున్నాడు. లోపలి మనిషి జోలికి రాలేదు, అటువైపు ఆసక్తే లేదు. ఆ నిర్లక్ష్యం నీడలో ఆమెకు కొంచెం చోటు దొరికింది, పాట పాడుకునేంత. ఇప్పుడు అతనికి ఆ చోటు కూడా కావాలి. ప్రేమిస్తాడట, పూజిస్తాడట, బదులేమీ అడగడట. కథలో ఆమె నోటి నుంచి తెలియకుండా జారిన మాట ఒకటుంది: మీరు నన్ను అలాగే వదిలేస్తారనుకున్నాను అని. ఆ వాక్యం మొత్తం కథకు తాళంచెవి. అలాగే అంటే ఆ వేరే మంచం మీద, ఆ మౌనంలో. శిక్ష అనుకుని అతనిచ్చినదే ఆమెకు ఊపిరి పీల్చుకునే జాగా అయింది.

తర్వాత నమ్మకమైన భార్యగా ఉంటాననీ, మిమ్మల్ని గౌరవిస్తాననీ చెబుతుంది. ఈ మాటలు సాండా ఎలాంటి తొణుకూ లేకుండా చెబుతుంది. అబద్ధమా, అలసటా, నిజంగానే ప్రయత్నిద్దామనుకుందా? ఇక్కడ ఒక్క పెదవి విరుపు పెట్టినా, ఒక్క నిట్టూర్పు పెట్టినా కథ తేలిపోయేది. అతను ప్రయాణం ఏర్పాట్లకు బయటికి వెళ్తాడు. తిరిగొచ్చేసరికి అయిపోయింది. కొంచెం ముందు వచ్చి ఉంటే ఆపేవాణ్ణి అని కథలోని భర్త చివరి దాకా ఆ అయిదు నిమిషాలనే పట్టుకుని వేలాడతాడు. ఏళ్ల లెక్కను అయిదు నిమిషాల ఆలస్యం కింద రాసుకున్నాడు, ఆ అమ్మాయి క్లాసులో అన్న పద్దు ఇదే.

శవపేటికలో పెట్టాక ఆమె తల ఎత్తి, ఒక్కసారి కళ్లు తెరువు, ఒక్క క్షణం చాలు అంటాడు. అప్పుడు కూడా అతనికి కావాల్సింది ఆమె చూపు తన మీద పడటం. తర్వాత మూత పెట్టి మరలు బిగిస్తారు, సినిమా ఆ పనితోనే అయిపోతుంది.

మణి కౌల్ గురించి ఒక మాట, ఎందుకంటే ఈ ప్రశ్నలు అడిగేవాళ్లకు ఆయన సినిమాలు పనికొస్తాయి. బ్రెస్సన్ ప్రభావం దాచుకోని దర్శకుడు ఆయన. ఇదే దోస్తోయెవ్‌స్కీ కథను హిందీలో ‘నజర్’ పేరుతో తీశాడు. శేఖర్ కపూర్ భర్త, శాంభవి కౌల్ భార్య. తాకట్టు కొట్టు బదులు పాత కళావస్తువుల వ్యాపారం, కథ జరిగేది ముంబైలో. మార్పు చిన్నదిగా కనిపిస్తుంది కానీ, తాకట్టు వ్యాపారి వస్తువుకు తూకం చూస్తాడు, కళావస్తువుల వ్యాపారి అందం చూస్తాడు. అందం చూసే భర్త దగ్గర ఇరుక్కోవడం ఇంకా కష్టం, ఎందుకంటే ఫిర్యాదు చేయడానికి ఏమీ ఉండదు. బ్రెస్సన్ సినిమా తర్వాత దాన్ని చూస్తే, అదే నిర్వికారం రెండు చోట్ల రెండు రకాలుగా ఎలా వినిపిస్తుందో తెలుస్తుంది. కౌల్ దగ్గర మాటలు గొణుగుడులా, నెమ్మదిగా వస్తాయి, బ్రెస్సన్ దగ్గర గబగబా, పొడిగా.

ఇక మీ షార్ట్ ఫిల్మ్. నటులకు మీరిచ్చిన సూచన ‘ఏ భావమూ చూపించొద్దు’. వాళ్లు ‘భావం లేని మనిషి’ని నటించారు. అది కూడా పాత్రే, సాధారణంగా దిగులుగా, మత్తుగా ఉంటుంది. కనురెప్పలు సగం వాలతాయి, మాట సాగుతుంది, నడక ఈడుస్తుంది. బ్రెస్సన్ మోడల్స్ నడక చూడండి, చకచకా నడుస్తారు, మెట్లు దిగే చప్పుడులో తూకం ఉంటుంది. నిర్వికారం అంటే నిదానం అని చాలామంది పొరబడతారు, నేనూ పొరబడ్డాను. నా మొదటి ప్రయత్నంలో నటులు మందులు మింగినవాళ్లలా ఉన్నారు, చూసినవాళ్లు సీరియస్ సీన్లలో నవ్వారు.

కాబట్టి వాళ్లకు ‘వద్దు’ అని చెప్పకండి, పని ఇవ్వండి. పర్సులోంచి మూడు నోట్లు తీసి, లెక్కపెట్టి, బల్ల మీద పెట్టి, ‘నేను రేపు రాను’ అనాలి, నోట్ల మీద చేయి తీసేలోపు వాక్యం అయిపోవాలి. ఇంతే సూచన. పాత్ర బాధలో ఉందా లేదా అన్న చర్చ సెట్‌లో పెట్టకండి. ఇరవైసార్లు చేయించండి. అయిదో టేకుకు వాళ్లకు విసుగొస్తుంది, పదో టేకుకు విసుగును నటిస్తారు, ఇంకా ముందుకు పోతే అదీ అరిగిపోతుంది. వాక్యం చివర స్వరం పైకి లేపకుండా చూసుకోండి, మనవాళ్లకు ప్రతి వాక్యం చివరా ఒక చిన్న ఒత్తు పెట్టే అలవాటు ఉంటుంది, అది పోవడానికే సగం టేకులు పోతాయి.

రెండోది కెమెరా. మీరు పంపిన వివరం ప్రకారం భార్య పాత్ర ముఖం మీద క్లోజప్ చాలాసేపు ఉంచారు. ఖాళీ ముఖాన్ని అంతసేపు చూపిస్తే ‘ఇందులో ఏదో ఉంది, వెతకండి’ అని ప్రేక్షకుడికి మీరే వేలు పెట్టి చూపినట్టు. బ్రెస్సన్ అలా చేయడు. ముఖం మీద నుంచి త్వరగా చేతుల మీదకు, తలుపు మీదకు, మంచం మీదకు వెళ్లిపోతాడు, మిగతాది చప్పుళ్లకు వదిలేస్తాడు. ఆ వేరే మంచం సీను పనిచేసింది సాండా ముఖం వల్ల మాత్రమే కాదు, ముందు రివాల్వర్, తర్వాత మంచం, మధ్యలో ఒక్క మాట లేకపోవడం వల్ల. ముఖానికి అర్థం పక్క షాటు ఇస్తుంది. మీ కథలో పక్క షాటు ఏమిటి? భర్త మాట్లాడుతున్న ముఖం. అతను మాటల్లో చెప్పేస్తుంటే ఆమె ముఖానికి చేయడానికి పనేమీ మిగలదు.

మళ్లీ షూటింగ్‌కు డబ్బు లేదన్నారు కాబట్టి ముందు ఎడిటింగ్‌లో ఒకటి చేసి చూడండి. ఆ పొడుగు క్లోజప్‌ను రెండు సెకన్లకు కుదించండి. భర్త డైలాగును ఆమె ముఖం మీద కాకుండా, ఆమె పళ్లెం సర్దుతున్న షాటు మీద వినిపించండి. పళ్లేల చప్పుడు డైలాగుకు అడ్డం వస్తుందని సౌండ్ చేసినవాళ్లు అంటారు, రానివ్వండి. డైలాగులో రెండు మాటలు వినపడకపోయినా ఫర్వాలేదు. అది చూశాక కూడా చెక్కబొమ్మల్లానే ఉంటే అప్పుడు నటుల సంగతి మాట్లాడుకుందాం.